రాళ్ళ మీద తగవు

సీరియల్ నవల వచ్చే ఇంట్లో వారానికి రెండు తగవులు తప్పవు. పత్రిక ముందు ఎవరి చేతిలో పడాలన్నది మొదటిది. అందరూ చదవడం పూర్తయ్యాక, కథ బాగుందా లేదా అన్నది రెండోది. పడక్కుర్చీలో తాతగారు "ఈ రచయిత బొత్తిగా సాగదీస్తున్నాడోయ్" అంటారు. కాలేజీలో చదివే మనవరాలు "అదేమిటి తాతయ్యా, ఆ నదీ వర్ణన చదివారా అసలు?" అని పోట్లాటకు దిగుతుంది. వంటింటి గుమ్మంలో నిలబడి ఇల్లాలు "వర్ణనల మాట అటుంచండి, ఆ అమ్మాయిని అంత ఏడిపించడం ఎందుకూ?" అని తన తీర్పు తాను చెప్పేస్తుంది. కథ ఒకటే, కాగితం ఒకటే, సిరా ఒకటే. తీర్పులు మాత్రం తలకొకటి.

సరిగ్గా ఇలాంటి తగవే ఒకటి ముప్పయ్యేళ్ళకు పైబడి ఇంగ్లీషు నవలలు చదివే లోకంలో సాగుతోంది. ఆ తగవు వీధినీ ఊరినీ దాటి, భూమిని కూడా దాటి, అంగారక గ్రహం దాకా పోయింది. దానికి మూలం 'రెడ్ మార్స్' అనే నవల. రాసినవారు కిమ్ స్టాన్లీ రాబిన్సన్ అనే అమెరికా రచయిత. తొలిసారి అచ్చయింది 1992లో. దీన్ని చదివి, ఇంతకు మించిన శాస్త్ర నవల లేదని నెత్తిన పెట్టుకున్నవాళ్ళున్నారు. నూరు పేజీలు చదివి, దణ్ణం పెట్టి మూసేసినవాళ్ళూ ఉన్నారు. విచిత్రమేమిటంటే, ఇద్దరూ వేలు పెట్టి చూపించేది ఇంచుమించు అవే పేజీలను!

ఆ పేజీల్లో ఏముంది? రాళ్ళున్నాయి.

మనకు తెలిసిన కుజుడు, తెలియని కుజుడు

కుజుడు మనకు కొత్తవాడు కాడు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు జాతకంలో ఆయన ఏ ఇంట్లో కూర్చున్నాడో అని బెంగపడే తల్లిదండ్రులు ఎందరో. ఆయన కూర్చోకూడని చోట కూర్చున్నాడని తప్పిపోయిన సంబంధాలూ కద్దు. రాబిన్సన్ గారి కుజుడికి ఈ గొడవలేమీ లేవు. ఆయన కాలు మోపి నడవగలిగిన నేల.

ఆ నేల మీద రోజు మన రోజు కంటే సుమారు 40 నిమిషాలు పెద్దది. ఇక్కడ వంద కిలోలు తూగే మనిషి అక్కడి కాటా ఎక్కితే 38 కిలోలే చూపిస్తుంది. గాలి ఉందంటే ఉంది, కాని దాని వత్తిడి మన గాలి వత్తిడిలో నూరోవంతు కూడా లేదు. ఆ ఉన్న గాలిలోనూ నూటికి 95 వంతులు బొగ్గుపులుసు వాయువే. ఒలింపస్ అనే చల్లారిన అగ్నిపర్వతం సుమారు 22 కిలోమీటర్ల ఎత్తు. ఎవరెస్టు నెత్తిన ఇంకో ఎవరెస్టును నిలబెట్టినా దాన్ని అందుకోలేదు. మారినర్ లోయలు 4000 కిలోమీటర్ల పొడుగు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా పరిచినా ఇంకా మిగిలిపోతాయి.

ఈ వివరాలు రచయితకు ఎక్కణ్ణించి వచ్చాయంటే, 1971లో అక్కడికి చేరిన మారినర్ 9, 1976లో చేరిన రెండు వైకింగ్ నౌకలు పంపిన ఫోటోల నుంచి, వాటిని బట్టి గీసిన పటాల నుంచి. వైకింగుల తరువాత 1997 దాకా ఆ నేల మీద పనిచేసే యంత్రం మరొకటి దిగలేదు. కుజుడి నేల మీద కొత్త యంత్రమేదీ దిగని ఆ ఇరవై ఏళ్ళ మధ్యకాలంలోనే ఈ నవల పుట్టింది. ఇంకో తమాషా చూడండి. కుజుడి మీద కథలల్లి 1950లోనే పేరు తెచ్చుకున్న రే బ్రాడ్బరీ, ఈ రాబిన్సన్, ఇద్దరూ పుట్టింది ఒకే ఊళ్ళో. ఇల్లినాయ్ రాష్ట్రంలోని వాకీగన్ అది. బ్రాడ్బరీ పుట్టింది 1920లో, రాబిన్సన్ 1952లో. కాని ఇద్దరి కుజులకూ పోలిక లేదు. బ్రాడ్బరీ కుజుడు కలలో వచ్చే ఊరు. రాబిన్సన్ కుజుడు సర్వే పటం చేతబట్టుకుని తిరిగే ఊరు.

కథ ఏమిటంటే

2026 చివర 'ఏరీస్' అనే నౌకలో నూరుగురు మనుషులు భూమిని వదిలి కుజుడి మీద కాపరానికి బయలుదేరతారు. శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు, వైద్యులు. వాళ్ళలో ఎక్కువ మంది అమెరికన్లు, రష్యన్లు. ప్రయాణానికి ముందు వాళ్ళకు అంటార్కిటికా మంచు ఖండంలో శిక్షణ. దిగాక ఇళ్ళు కట్టుకోవాలి, నీళ్ళు తీయాలి, ఊపిరి పీల్చే గాలి తయారు చేసుకోవాలి. నాడియా అనే రష్యన్ ఇంజనీరమ్మ అక్కడి మట్టితోనే ఇటుకలు చేయించి కమాను ఇళ్ళు కట్టిస్తుంది. కుజుడి రోజులో ఎక్కువైన ఆ 40 నిమిషాలను వాళ్ళు సర్దుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. అర్ధరాత్రి కాగానే గడియారాలు ఆగిపోతాయి. అది ఏ లెక్కలోకీ రాని కాలం. ఆ నిమిషాలు గడిచాక మళ్ళీ నడుస్తాయి.

కొన్నాళ్ళకు భూమి నుంచి ఇంకా జనం వస్తారు. పెద్ద పెద్ద కంపెనీలు వస్తాయి. వాటి వెనకే పోలీసులు వస్తారు. ఈ నేల ఎవరిది, దీన్ని ఏం చేయాలి అన్న మాట పెరిగి పెద్దదై 2061లో తిరుగుబాటు దాకా పోతుంది. ఆ తరువాత ఏమవుతుందో చెప్పి, చదవబోయేవాళ్ళకు రసభంగం చేయను.

ఒప్పుకోనివాళ్ళ వాదం

నచ్చనివాళ్ళ ఫిర్యాదులు ముందు విందాం. అవి తేలిగ్గా తోసిపారేసేవి కావు.

మొదటి ఫిర్యాదు నిడివి. పుస్తకం అయిదు వందల పేజీలు దాటింది. అందులో బండెక్కి కొండలూ లోయలూ తిరగడమే పేజీలకు పేజీలు. ఏ రాయి ఏ కాలం నాటిది, ఏ గొయ్యి ఏ ఉల్క దెబ్బకు పడింది, ఏ ఇసుకతిన్నె ఏ గాలికి పేరుకుంది, అంతా ఏకరువు. నవల కదా అని కొనుక్కుంటే భూగోళం వాచకం చేతిలో పెట్టారన్నది వీళ్ళ బాధ. పరీక్ష పెడతారేమోనని భయం కూడా వేస్తుందట!

రెండో ఫిర్యాదు పాత్రలు. మాయా అనే రష్యన్ నాయకురాలు, జాన్ బూన్, ఫ్రాంక్ చామర్స్ అనే ఇద్దరు అమెరికన్లు. ఈ ముగ్గురి మధ్య ప్రేమలూ అలకలూ చదువుతుంటే, ఇన్ని కోట్ల కిలోమీటర్లు ఎగిరిపోయి చేసేది ఈ పనేనా అని విసుగెత్తిందంటారు కొందరు. నూరుగురు ఉన్నారన్న మాటే గాని, గుర్తుండేది పదిమంది. వాళ్ళలోనూ జపాను మనిషి గుంభనంగా ఉంటుంది, ఫ్రెంచి మనిషి ఇంటిమీద బెంగతో కుములుతుంటాడు. మనుషులను దేశాల అచ్చుల్లో పోశారన్న ఆక్షేపణ కూడా ఉంది.

మూడోది సస్పెన్సు. మొదటి భాగంలోనే ఒక హత్య జరుగుతుంది. దాని వెనక ఎవరున్నదీ అక్కడే తెలిసిపోతుంది. ఆ తరువాత కథ వెనక్కి పోయి మొదటినుంచీ వస్తుంది. హంతకుడెవరో ముందే తెలిశాక ఇంక చదవడం దేనికని డిటెక్టివ్ నవలల అభిమానులు పెదవి విరిచారు.

నాలుగోది రాజకీయాలు. కంపెనీలు, ఒడంబడికలు, సభలు, వాదోపవాదాలు. రాకెట్టెక్కుదామని వచ్చినవాణ్ణి మునిసిపల్ కౌన్సిలు మీటింగులో కూర్చోబెట్టారన్నమాట.

మెచ్చుకున్నవాళ్ళ వాదం

ఇక రెండో పక్షం. వీళ్ళ బలమూ తక్కువది కాదు. ఆర్థర్ క్లార్క్ అంతటివారు ఈ నవలను మనసారా పొగిడారు. ఆయన స్వయంగా 1951లోనే కుజుడి మీద కాపరం గురించి నవల రాసిన మనిషి. తోటి రచయితలు ఓట్లు వేసి ఇచ్చే నెబ్యులా బహుమతి దీనికి వచ్చింది. పాఠకుల ఓట్లతో నిర్ణయమయ్యే హ్యూగో బహుమతికి 1993లో పోటీలో నిలబడింది గాని గెలవలేదు. ఆ ఏడు ఆ బహుమతి వేరే రెండు నవలలకు సమానంగా పోయింది. చూశారా, అభిప్రాయభేదం అక్కడే మొదలు! అయితే రాబిన్సన్ గారు కథను ఇంకా రెండు నవలలుగా సాగించారు. 'గ్రీన్ మార్స్' 1993లో, 'బ్లూ మార్స్' 1996లో వచ్చాయి. ఆ రెండింటికీ హ్యూగో దక్కింది. మొదటి పుస్తకానికి చేయి విదిలించని పాఠకులే తరువాతి రెండింటికీ చేయెత్తి ఓటేశారు.

మెచ్చినవాళ్ళు చెప్పే ముఖ్యమైన మాట నమ్మకం. ఈ పుస్తకం మూసేసరికి కుజుడి మీద కొన్నాళ్ళు కాపరం చేసి వచ్చినట్టు ఉంటుందంటారు. ఎర్రధూళి ఒంటికి అంటుకున్నట్టే ఉంటుందట. నాడియా పనిముట్ల పెట్టె తెరిచి ఒక్కొక్కటీ తీసి చూసుకునే చోట, కొత్తింట్లో గృహప్రవేశం నాటి సంతోషం కనిపిస్తుందంటారు. ఇక్కడ దేవుడిచ్చిన వీరుడంటూ ఎవడూ లేడు. పని చేసే మనుషులున్నారు. పని తప్పుతుంది, వేళ్ళు తెగుతాయి, మళ్ళీ పని మొదలవుతుంది.

అభిమానం ఎంతదాకా పోయిందంటే, కుజుడికి ఒక జెండా కూడా తయారయింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు పట్టీలు. ఈ మూడు నవలల పేర్లలోని రంగులే అవి. 1999 డిసెంబరులో ఆ జెండా డిస్కవరీ నౌకలో అంతరిక్షం దాకా పోయి వచ్చింది. కాపురం ఇంకా లేదు గాని గుమ్మానికి తోరణం మాత్రం సిద్ధమయిందన్నమాట.

లెక్కలు కట్టేవాళ్ళు

ఈ రెండు పక్షాలూ కాక మూడో పక్షం ఒకటుంది. వీళ్ళు పుస్తకం పక్కనే కాగితం, పెన్సిలు పెట్టుకుని చదువుతారు.

నవలలో ఒకచోట గాలినౌకలో తిరుగుతూ కుజుడి మీద గాలిమరలు నాటుతారు. గాలికి మర తిరుగుతుంది, మరలోని తీగ వేడెక్కుతుంది, ఆ వేడికి కుజుడు కాస్త వెచ్చబడతాడు. వినడానికి బాగానే ఉంది. లెక్కల మనిషి వెంటనే చేయెత్తుతాడు. అయ్యా, గాలి వీచడంలో ఉన్న శక్తి ఎలాగూ రాళ్ళనూ ఇసుకనూ రాసుకుని చివరకు వేడిగానే మారుతుంది గదా, మధ్యలో మీ మర కొత్తగా చేర్చిందేమిటి? కుడి జేబులోని రూపాయి ఎడమ జేబులో వేసుకుంటే ఆస్తి పెరుగుతుందా? ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ మరల కథలో ఇంకో మెలిక ఉంది. వాటి కడుపులో ఎవరికీ చెప్పకుండా నాచు జాతి సూక్ష్మజీవులను దాచి పంపారని నాడియా కనిపెడుతుంది. వేడి అన్నది పైకి చెప్పిన మాట. ప్రాణం నాటడం లోపలి పని.

లెక్కలు కట్టేవాళ్ళకు తరువాతి కాలం కూడా సాయపడింది. 2008లో ఫీనిక్స్ అనే అమెరికా నౌక కుజుడి ఉత్తరధ్రువం దగ్గర దిగి మట్టిని పరీక్షిస్తే, అందులో పెర్క్లోరేటు అనే లవణం బయటపడింది. మనిషి గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథికి అది చెరుపు. ఆ మట్టిలో నేరుగా కాయగూరలు పండించుకు తినడం కుదరదన్నమాట. నవలలో ఈ చిక్కు లేదు, 1992లో ఎవరికీ తెలియదు గనక. రాబిన్సన్ గారు తరువాత ఈ సంగతి దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. 2018లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు లెక్క తీసి, కుజుడి మంచులోనూ మట్టిలోనూ మనకు అందుబాటులో ఉన్న బొగ్గుపులుసు వాయువునంతా వెలికి తీసినా, ఇప్పుడు మన చేతిలో ఉన్న విద్యతో ఆ గ్రహాన్ని భూమిలా వెచ్చబరచడానికి చాలదని తేల్చారు.

ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ ఫీనిక్స్ నౌకలో ఒక డిస్కు కూడా పోయింది. ముందుముందు అక్కడికి చేరేవాళ్ళ కోసం భూమి మనుషులు కుజుడి మీద రాసిన కథలు, గీసిన బొమ్మలు దాంట్లో భద్రం చేశారు. వెల్స్, బ్రాడ్బరీ రచనలతో పాటు రాబిన్సన్ గారి 'గ్రీన్ మార్స్' కూడా అందులో ఉంది. ఆయన రచనను మోసుకుపోయిన నౌకే ఆయన మట్టి లెక్క తప్పని చెప్పింది.

అసలు తగవు

ఇంతవరకూ చెప్పుకున్నవి పాఠకుల మధ్య తగవులు. నవల లోపల ఇంకో తగవు ఉంది. నా మటుకు నాకు, బయటి తగవులన్నిటికీ వేరు అక్కడే ఉందనిపిస్తుంది.

నూరుగురిలో సాక్స్ రస్సెల్ అని ఒక భౌతిక శాస్త్రజ్ఞుడు. మితభాషి. ఆయన ఉద్దేశంలో కుజుణ్ణి వెచ్చబరచాలి, గాలి చిక్కబరచాలి, నాచు నాటాలి, చెట్లు పెంచాలి, మనిషి ముసుగు తీసి ఊపిరి పీల్చేటట్టు చేయాలి. చూసి ఆనందించే మనసు లేకపోతే ఆ కొండల అందం ఎవరికి? ప్రాణం లేని చోట ప్రాణం పోయడం కంటే పుణ్యమేముంది? ఇదీ ఆయన వాదం.

ఆన్ క్లేబోర్న్ అని ఒక భూగర్భ శాస్త్రజ్ఞురాలు. ఈమెది సరిగ్గా వ్యతిరేకం. కోట్ల సంవత్సరాలుగా ఎవరూ తాకకుండా నిలిచిన నేల అది. దాని చరిత్ర అంతా ఆ రాతిపొరల్లో రాసి ఉంది. ఇంకా మొదటి పేజీ కూడా చదవకుండానే ఆ గ్రంథం మీద నీళ్ళు పోస్తారా? అక్కడ ఏ మూలనో ప్రాణం ఉందో లేదో చూసుకోకుండానే మన ప్రాణిని తెచ్చి వదిలేస్తే, రేపు కనిపించింది ఎవరిదని చెబుతారు? మనకు పనికిరానంత మాత్రాన ఆ నేలకు ఉండే హక్కు లేదా? ఇదీ ఆమె వాదం.

సాక్స్ పక్షం వాళ్ళు పచ్చవాళ్ళు. ఆన్ పక్షం వాళ్ళు ఎర్రవాళ్ళు. నవల పేర్లలోని రంగుల రహస్యం కూడా ఇదే.

మొదటిసారి వినగానే మనలో చాలామంది సాక్స్ పక్షానికే ఓటేస్తాం. ఎడారిలో చెట్టు నాటితే వద్దనేవాళ్ళెవరు? బీడు భూమికి కాలవ తవ్వించినవాణ్ణి తరతరాలు తలుచుకునే దేశం మనది. మరి ఆన్ మాటలో న్యాయం ఎలా తెలుస్తుంది? ఊరికే "రాళ్ళకూ హక్కుంది" అంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఆగాలంటే ముందు ఆ రాళ్ళతో పరిచయం కావాలి.

హైదరాబాదు చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. అక్కడి బండరాళ్ళు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటివి. ఒకదాని మీద ఒకటి ఎవరో పిల్లవాడు ఆడుకుంటూ పేర్చిపోయినట్టుండేవి. వాటి నీడలో ఆడుకున్నవాడికీ, దారి వెంట కారులో పోయేవాడికీ అవి ఒకేలా కనిపించవు. మందు పెట్టి పేల్చి మేడలు లేపినప్పుడు కారులో పోయేవాడికి ఊరు బాగుపడినట్టుంటుంది. ఆడుకున్నవాడికి ఇంటి పెద్ద పోయినట్టుంటుంది. ఇళ్ళు అక్కరలేదని అతను కూడా అనడు. అయినా ఏదో పోయిందని అతనికి తెలుసు.

రాబిన్సన్ గారు చేసింది అదే. పాఠకుణ్ణి వందల పేజీల పాటు ఆ రాళ్ళ మధ్య తిప్పారు. పొద్దున్నే ఆ ఎర్రకొండ మీద ఎండ పడడం చూపించారు. లోయ అంచున నిలబెట్టి కిందికి చూడమన్నారు. కథ ఎటూ కదలడం లేదని మనం విసుక్కుంటున్న సమయంలోనే, మనకు తెలియకుండా ఆ నేలతో చుట్టరికం కలుపుతున్నారు. నవల ఆఖరి భాగం ఆన్ కళ్ళతోనే సాగుతుంది. ఆమె ప్రాణంలా చూసుకున్న ఆ లోయలోనే. అక్కడ ఏం జరుగుతుందో చెప్పనన్నాను గనక చెప్పను. కాని వెనకటి పేజీలు దాటేసి అక్కడికి వచ్చినవాడికి అదొక ప్రమాదం కథగా కనిపిస్తుంది. నడిచి వచ్చినవాడికి గుండె కలుక్కుమంటుంది.

కాబట్టి నిడివి ఎక్కువని గోల పెట్టినవాళ్ళు అబద్ధమాడలేదు. రాళ్ళ పేజీలు నిజంగానే ఓపిక పరీక్షిస్తాయి. కొన్ని తగ్గించినా పుస్తకానికి లోటు వచ్చేది కాదని నాకూ అనిపించింది. కాని అన్నీ తీసేస్తే ఆన్ వాదానికి సాక్షులుండరు. సాక్షుల్లేని కోర్టులో సాక్స్ ఒక్కడే మాట్లాడతాడు, గెలుస్తాడు. అప్పుడు అది ఎడారిలో చెట్లు నాటిన మామూలు జయగాథ అయి ఊరుకునేది.

తీర్పు ఎందుకు ముఖ్యం

నవలే గదా, ఎవరు గెలిస్తే మనకేం అనవచ్చు. పుస్తకం వచ్చిననాడు 2026 అంటే 34 ఏళ్ళ దూరం. ఇప్పుడు ఆ సంవత్సరం గుమ్మంలోకే వచ్చేసింది. మనిషి ఇంకా కుజుడి మీద కాలు పెట్టలేదు గాని, యంత్రాలు పెట్టాయి. 2021 ఫిబ్రవరిలో దిగిన పర్సెవరెన్స్ బండి, ఒకప్పుడు సరస్సుగా ఉండిన జెజెరో అనే గోతిలో తిరిగి, రాతి నమూనాలు తీసి గొట్టాల్లో భద్రపరిచింది. అక్కడ ఎన్నడో ప్రాణం ఉండేదా అన్నదే దాని ముందున్న ప్రశ్న.

ఆన్ భయం శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. 1967లో కుదిరిన అంతరిక్ష ఒడంబడికలో, ఇతర గోళాలను హానికరంగా కలుషితం చేయకూడదని రాసుకున్నారు. భారతదేశం కూడా అందులో ఉంది. 1976లో దిగిన వైకింగ్ నౌకలను పంపేముందు 100 డిగ్రీలకు పైబడిన వేడిలో గంటల తరబడి ఉంచారు. మన ఆడవాళ్ళు ఆవకాయ జాడీని కడిగి, తుడిచి, ఎండబెట్టి, తడి చేయి తగలనివ్వరు చూడండి, అలాంటి జాగ్రత్తే. జాడీకి బూజు పడితే ఒక ఏడాది పచ్చడి పోతుంది. అక్కడ బూజు పడితే, వేరే లోకంలో ప్రాణం తనంతట తాను పుట్టిందా అన్న ప్రశ్నకు జవాబే పోతుంది. యంత్రాన్ని ఉడికించి పంపవచ్చు. మనిషిని ఉడికించి పంపలేం. మనిషి దిగిన నాడు అతని ఊపిరితో, చెమటతో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కూడా దిగుతాయి. ఆ రోజున సాక్స్ ఆన్‌ల తగవు కాగితం మీదినుంచి లేచి నిలబడుతుంది.

ఆ తగవులో మనమూ పరాయివాళ్ళం కాము. 2013 నవంబరు 5న పులికాట్ సరస్సు పక్కనున్న మన శ్రీహరికోట నుంచి మంగళ్‌యాన్ బయలుదేరింది. సుమారు 450 కోట్ల రూపాయల ఖర్చుతో తయారై, 2014 సెప్టెంబరు 24న కుజుడి కక్ష్యలో ప్రవేశించింది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నది, 2022లో మూగబోయేదాకా దాదాపు ఎనిమిదేళ్ళు పనిచేసింది. అది ఆ నేలను తాకలేదు. చుట్టూ తిరిగి, చూసి, ఫోటోలు తీసి పంపింది. ఆన్ గారికి చెబితే ఎంతో సంతోషించేది!

మన పెద్దలు కుజుడికి భౌముడని కూడా పేరు పెట్టారు. కుజుడన్నా ఆ అర్థమే, భూమికి పుట్టినవాడు. కొడుకు తనలాగే పచ్చగా బతకాలని తల్లి కోరడం సహజం. వాడి తీరున వాణ్ణి ఉండనివ్వాలన్నదీ కాదనలేని మాటే. ఈ రెండు మాటలూ మనం ఏ ఇంట్లోనైనా రోజూ వినేవే.

ఈ వారం రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో ఓట్లు తీసి చూడండి. సాక్స్ చెప్పినట్టు చెట్లు నాటాలా, ఆన్ చెప్పినట్టు రాళ్ళను రాళ్ళుగా ఉండనివ్వాలా? తాతగారి ఓటు ఒకవైపు, మనవరాలి ఓటు ఇంకోవైపు పడితే కంగారు పడకండి. ఆ పుస్తకం ముప్పయ్యేళ్ళుగా చేయిస్తున్న పనే అది. కాకపోతే, రాళ్ళ పేజీలు దాటేసినవాళ్ళకు ఓటు లేదని ముందే చెప్పండి.